ఆర్చి కింద పడుకోబెడతామా?

మధ్యాహ్నం కుట్టుకొట్టు గుమ్మంలో భర్త అన్నగారిని చూడగానే ఆమె మిషన్ ఆపి లేచి నిలబడింది. వీధిలో ఆడవాళ్ళంతా చందాలు ఒకచోట చేర్చి, పనికెళ్ళే తల్లుల పసిపిల్లల్ని ఆయన గదిలోనే ఏడాదిగా చూసుకుంటున్నారు.

"ఈసారి మీ ఆడవాళ్ళ చందా వీధి మొదట్లో కట్టే ఆర్చికి ఇచ్చెయ్యండమ్మా. నాన్నగారి పేరు పెడదాం."

"మామయ్యగారంటే నాకూ గౌరవమే బావగారూ. కానీ పిల్లల్ని ఆర్చి కింద పడుకోబెడతామా?"

"నాతోనే వేళాకోళమా? ఆ గది నాది. రేపే ఖాళీ చేయిస్తా."

"మీకా శ్రమ అక్కర్లేదు. పొద్దున్నే ఖాళీ చేసేశాం. ఇదిగో తాళంచెవి."

"మరి ఉయ్యాలలు?"

"ఈ కొట్లోనే కడతాం. నా మిషన్ మెట్ల కిందకి జరుపుకుంటా."

"మా తమ్ముడికి తెలిసే చేస్తున్నావా ఇదంతా?"

"గోడకి కొక్కేలు దిగ్గొట్టింది ఆయనే."

ఆయన తాళంచెవి అందుకోలేదు.

"నేను అడగబోతున్నానని మీకు ముందే ఎవరు చెప్పారు?"

ఆమె తల దించుకోలేదు.

"అక్కయ్యే చెప్పింది. ఉయ్యాలలకి తాళ్ళు కొనడానికి బజారుకెళ్ళింది, వచ్చే వేళయింది. కూర్చోండి బావగారూ, మీ ఆవిణ్ణి మీరే అడుగుదురుగాని."