వాన అడవిలో సీతాఫలం

కోడేరు. ఆదివారం మధ్యాహ్నం. చర్చి నుంచి వచ్చిన కాంతమ్మ ఇంటి ముందు రేకుల కింద కూచుని పల్లికాయలు ఒలుస్తోంది. కర్ణాటక కొండల్లో, వాన అడవి మధ్య ఉన్న ఒక రిసార్టులో మొగుడితో, పిల్లలతో మూడు రోజులుండి ఆ పొద్దునే దిగిన కూతురు కృప ఎదురుగా కూచుంది.

"తానం చేసే అర్రకు కప్పు లేదా?"

"లేదమ్మ. మూడు దిక్కుల గోడ, మీద మొగులు. వాన పడుతుంటె ఆ వానలనే తానం చెయ్యాల్నంట. అదే దాని గొప్ప."

"గంత పెద్ద హోటల్ల నాలుగు రేకులు దొర్కలేదా?"

"కావాల్ననే ఏస్తలేరు. మనింట్ల కప్పు కారితె పరేషాన్ అయితం, ఆడ కప్పు లేదని మురుస్తరు."

"ఏం లోకమో. ఇంకేమున్నయి?"

"బండి దిగంగనె మొఖం తుడ్సుకోనీకె తడి తువ్వాల ఇచ్చిండ్రు. అల్లం శర్బత్ ఇచ్చిండ్రు. పిల్లలకు మోకాళ్ల దాక ఎర్ర బూట్లు. షారోను ఆ బూట్లు మంచంల గూడ ఇప్పలే. చెట్టు మీద ఇల్లు కట్టిండ్రు పిల్లలకని. తాళ్ల మెట్లెక్కి పోవాలె. ఒక ఆయమ్మ పొద్దంత పిల్లల్ని ఆడిస్తది, తల్లిదండ్రులు నిమ్మళంగ ఉండాల్నని."

"మరి నిమ్మళంగ ఉన్నవా?"

"రెండు రోజులు ఉన్న."

"మూడు రోజులు కదా పోయింది."

"రెండు రోజులు ఉన్న అంటున్న. ఇగో, ఫోన్ల ఫొటో చూడు. చిన్నోడు చెట్టు మీదికెల్లి చెయ్యి ఊపుతుండు."

"మసక మసకగ ఉన్నది. నాకు కానరాదు."

"కండ్ల ఆపరేషన్ చేపిచ్చుకొని గూడ గిట్లనేనా?"

"వయసు పడ్డంక ఎన్ని చేపిచ్చినా గంతే. కాళ్లకు ఉప్పు రాసుకున్నరా లేదా? ఆ జలగలు ఊకె ఎక్కుతయి. వేళ్ల సందుల పట్టుకుంటె తెల్వనే తెల్వదు."

"నీకెట్ల తెల్సు జలగల ముచ్చట?"

"టీవీల చూపిస్తరు కదా."

"మన టీవీ చెడిపోయి ఎన్నేండ్లాయె?"

"దానికంటె ముందు చూసిన. ఏంది, పోలీసోళ్ల లెక్క అడుగుతున్నవు. అల్లుడేడి? కోడి కోస్తనంటి. పక్కింటి స్వరూప ఇంట్ల ఆడుతున్న పిల్లల్ని గూడ పిలువు."

"పిల్లల్ని ఆడనీయి. ఆయన వాళ్లింటికి పోయిండు. నేను ఇటు మల్లిన."

"కొట్లాడిండ్రా?"

"కొట్లాడితె మంచిగుండు. రాత్రి ఆడ బస్సెక్కినప్పటి సంది బీచుపల్లి బ్రిడ్జి దాటేదాక ఒక్క మాట మాట్లాడలే ఆయనతోని. అలంపూర్ చౌరస్తాల చాయ తెచ్చిచ్చిండు. కిటికీలకెల్లి పారబోసిన."

"చాయ ఏం చేసింది మధ్యల?"

"నవ్వియ్యకమ్మా. నాకు నవ్వొస్తలేదు."

"సరె చెప్పు. ఏమైంది?"

"చెప్త. ఆ హోటలు కట్టింది మీ అల్లుని కూలోళ్ల గుంపే కదా?"

"అవును. జాను గుంపు మేస్త్రి, ఆయన ఎనకాల మనోళ్లు పోయిండ్రు. ఎన్ని ఊర్లల్ల ఎన్ని కట్టలే మనోళ్లు. కట్టినంక ఎవరు యాది చేసుకుంటరు. ఆ హోటలు సేటు యాది చేసుకున్నడు, పిల్లలతోని వచ్చి మూడు రోజులు ఉండు అన్నడు."

"నేను గూడ గదే అనుకున్న, మంచోడని. మొదటి దినం మీ అల్లుడు నన్ను ఎంబడి పెట్టుకొని తిరిగిండు. ఈ మెట్లు మనయి, ఈ గోడ మనది, పిల్లలు ఈత కొట్టే ఈ కొలను మనది. జర గర్వంగనే అనిపిచ్చింది. ఆడ కూసున్న పెద్దపెద్దోళ్లకు చెప్పాల్ననిపిచ్చింది, మీరు కాళ్లు పెట్టిన రాయి మావోళ్లు మోసిందని. మరి సామేలు పెట్టిన గోడ ఏది అని అడిగిన."

"పల్లికాయలకు పురుగు పట్టింది ఈసారి."

"అమ్మా, తమ్ముని గోడ ఏదని అడిగిన అంటున్న."

"వింటున్న. ఏమన్నడు?"

"అన్ని గోడలు అందరియి, ఎవరిదని చెప్త అన్నడు. లేచి పోయి ఇంకో శర్బత్ తెచ్చుకున్నడు. అప్పుడు గూడ నాకేం అనిపియ్యలే. అబద్ధమెందుకు."

"నాలుగేండ్ల ముచ్చట. మర్సిపోయి ఉంటడు."

"ఎట్ల మర్సిపోతడు? మన గుంపులల్ల పని ముగిస్తె ఆఖరు సిమెంటు మీద, పచ్చిగ ఉన్నప్పుడె, తాపీ మొనతోని పేర్లు రాస్తరు కదా. ఎవరికి కనపడని కాడ, కింద. నాయన గూడ రాస్తుండె. నేను ఆ కొలను చుట్టు వంగి వంగి ఎతికిన. ఒకామె నా చెవి కమ్మ పోయిందనుకొని తాను గూడ ఎతికింది పాపం. దొర్కినయి. వెంకటన్న పేరున్నది, కృష్ణయ్య పేరున్నది. అందరియి ఉన్నయి. సామేలుది లే."

"పని ముగియక ముందె పోయె కదా వాడు. ఇంకో గుంపు ఎంబడి గోవాకు."

"గట్లనే చెప్పిండు మీ అల్లుడు. సంచి సదురుకొని చెప్పకుంట ఉరికిండు, గుంపుల నా ఇజ్జత్ తీసిండు అని. నేను నమ్మిన. చిన్నోడు నా కడుపుల ఉండె, ఏడో నెల. తమ్ముణ్ణే తిట్టిన. అక్కకు ఒక్క మాట చెప్పలేకపోయిండా అని నాలుగేండ్ల సంది తిడుతనే ఉన్న. క్రిస్మస్ క్రిస్మస్‌కు నువ్వు వానికని అంగీ తెచ్చి పెట్టెల పెడుతుంటె, ఎందుకె, వాడు రాడు అని నీ మీద గూడ అరిసిన."

"అరిసినవు."

"పోయిన యేడు నీలి గీతల అంగీ."

"వానికి నీలం ఇష్టం. ఉండు, పొయ్యి మీద నీళ్లు పెట్టిన, చూసొస్త."

"కూసో అమ్మ. పొయ్యి వెలుగుతలేదు."

"ఏం చెప్పాల్ననుకున్నవో చెప్పు బిడ్డ. ఇట్ల తిప్పి తిప్పి..."

"ఎట్ల చెప్పాల్నో తెల్వకనే ముందుగాల శర్బత్, బూట్లు చెప్పిన. బస్సుల పొద్దుగాల దాక గదే ఆలోచన, మా అమ్మకు ఎట్ల చెప్త, ఎట్ల తట్టుకుంటది అని."

"చెప్పు. నేను ఈడ్నే ఉన్న."

"మూడో దినం పొద్దుగాల పిల్లలకు అడవి చూపియ్యనీకె తీస్కపోతరు. ఒక ముసలాయన, చెట్ల పేర్లు చెప్తడు కన్నడంల. చిన్నప్పుడు మీతోని రాయచూరు దిక్కు పనులకు తిరిగిన కదా, నాకు అర్థమైతది. మీ అల్లుడు పండుకున్నడు. అమ్మా, ఆ అడవిల మనకు తెల్సిన చెట్టు ఒక్కటి లేదు. మొగులు కనపడదు. చెట్ల మీద చెట్లు, వాటి మీద తీగలు. అది ఏంది, ఇది ఏంది అని పిల్లలు అడుగుతనే ఉండ్రు. అట్ల పోతుంటె షారోను, అమ్మా, మన సీతాఫలం అని బాట ఇడిసి ఉరికింది."

"సీతాఫలమా?"

"సీతాఫలమే. నా భుజం ఎత్తు ఉన్నది. రెండు పిందెలు గూడ పట్టినయి. ముసలాయన, అటు పోవద్దు అని అరుస్తుండు. షారోను ఆగలే, నేను దాని ఎనకాల ఉరికిన. చెట్టు మొదట్ల సిమెంటు బిళ్ల ఉన్నది. నాచు పట్టింది. కాలితోని గీకిన. రెండక్షరాలు కనపడినయి. తర్వాత కూసొని చేతులతోని గీకిన."

"చాలు తియ్యి."

"సామేలు, కోడేరు. మీద సిలువ. తెలుగుల రాసి ఉన్నది. రాసింది మీ అల్లుడు. ఆ చేతి రాత నాకు తెల్వదా? రోజు హాజరు పుస్తకంల చూస్త."

"నీళ్లు తాగుతవా బిడ్డ? పెదవులు ఎండిపోయినయి."

"వద్దు. అమ్మా, తమ్ముడు లేడు. గోవాల లేడు, ఏడ లేడు. అర్థమైందా నీకు?"

"అయింది."

"మరి ఏడువు. నేను ఆడ నేల మీద పడి ఏడ్సిన, పిల్లలు బెదిరిపోయిండ్రు. నువ్వు ఇట్ల కాయలు ఒలుసుకుంట కూసుంటె నాకు భయమైతుంది."

"ఏడుపు పిలువంగనె వస్తదా? ఎట్ల పోయిండన్నరు?"

"ఆ ముసలాయన చెప్పిండు. నేను అక్కనని తెల్వక ముందె చెప్పిండు, తెల్సినంక చేతులు జోడిచ్చిండు. కొలనుకు గుంత తవ్వుతుంటె వానకు ఒడ్డు కూలిందంట. మట్టి తీసేటాల్లకే అయిపోయింది. దవాఖానకు గూడ తీస్కపోలే. అడవిల అనుమతి లేకుంట తవ్వుతుండ్రంట. బయటికి తెలిస్తె హోటలు ఆగుతది, మేస్త్రిని జైల్ల ఏస్తరు. ఆ పొద్దే పూడ్సిండ్రు. గుంపోళ్లందరితోని నల్ల అట్ట పుస్తకం మీద చెయ్యి పెట్టిచ్చి ఒట్టు ఏపిచ్చిండంట మీ అల్లుడు. మాట అర్థం కాలే కని, చేతులు పెట్టుడు చూసిన అన్నడు ముసలాయన. అది మన బైబిలు అమ్మా. పనికి పొయ్యేటప్పుడు నేను సంచిల పెట్టిచ్చిన బైబిలు."

"నోరు మూయించనీకె అదొక్కటే దొర్కింది వానికి."

"ఆ కొలన్లనే నా పిల్లలు రెండు దినాలు ఈత కొట్టిండ్రు. నేను ఒడ్డుకు కూసొని చప్పట్లు కొట్టిన. ఆయన నా పక్కనె కూసొని నవ్విండు. పక్కనె అమ్మా, నా భుజం మీద చెయ్యేసి."

"అడిగినవా ఆయన్ను?"

"అడిగిన. ముందు, నాకు తెల్వదు అన్నడు. తర్వాత, నీ కోసమె చెప్పలే అన్నడు. కడుపుతోని ఉన్నవు, తట్టుకోవు అని. నాలుగేండ్లు కడుపుతోని ఉంటనా నేను?"

"మట్టి కూలుడు జాను చేతుల ఉన్నదా బిడ్డ? కావాల్నని చెయ్యలే కదా."

"మట్టి కూలింది ఆయన తప్పని నేను అంటలేను. సచ్చినోణ్ణి పారిపోయినోడు అన్నడు. ఊరంత అన్నది. చర్చిల పాస్టరు గూడ, తప్పిపోయిన కొడుకు తిరిగి రావాలె అని ప్రార్థన చేస్తుంటె, ఆయన మన పక్కనె కండ్లు మూసుకొని ఆమెన్ అన్నడు. గది నేను ఎట్ల మర్సిపోత?"

"నిమ్మళంగ మాట్లాడు. గోడవతల మనుషులుంటరు."

"వినని. ఇగ నేను ఆ ఇంటికి పోను. పిల్లలు, నేను నీ దగ్గర్నె ఉంటం. కూలి చేస్త."

"ఇద్దరు పిల్లలు. తండ్రి లేకుంట..."

"నాయన పోయినంక నువ్వు పెంచలే మమ్మల్ని?"

"పెంచిన. అందుకె చెప్తున్న. ఎట్లుంటదో నాకు తెల్సు. నీకు ఆ బతుకు రావద్దనే..."

"రావద్దనే?"

"ఏం లేదు. చెప్పు, నువ్వే చెప్పు."

"రేపు పొద్దుగాల పాస్టరును తీస్కొని మనం ముగ్గురం ఆడికి పోదాం. నువ్వు కన్నతల్లివి, ఆ మట్టి మీద నువ్వు ఒక్కసారన్న చెయ్యి పెట్టాలె. వచ్చినంక ఏం చెయ్యాల్నో చేద్దాం. పోలీసుల కాడికి పోదామంటె గూడ పోదాం."

"పోలీసులొద్దు."

"ఎందుకొద్దు? ఇంకా అల్లుడంటె అంత పాణమా నీకు? నీకు యాదికున్నదా, అదే యేడు దసరా అయినంక నీ కండ్ల ఆపరేషన్ అని ఆయన నిన్ను కర్నూలుకు తీస్కపోయిండు. వారం దినాలు నీతోనె ఉన్నడు. నేను ఈడ నిండు కడుపుతోని కూసొని ఎంత మురిసిన. కొడుకు ఇడిసిపెట్టి పోతె అల్లుడు కొడుకైండు అని అందరికి చెప్పిన. అప్పటికే తమ్ముడు మట్టిల ఉన్నడు అమ్మా. నీ కొడుకును మట్టిల పెట్టొచ్చి, నీ కండ్లకు పట్టీ కట్టిచ్చి, నీ పక్కన కూసున్నడు ఆయన."

"కృపా."

"ఇన్నేండ్లు అందరు కలిసి నన్ను పిచ్చిదాన్ని చేసిండ్రు. మొగుడు చెప్పలే. వెంకటన్న చెప్పలే, నా ఇంట్ల ఎన్నిసార్లు అన్నం తిన్నడు. కృష్ణయ్య చెప్పలే. ఇగ నాకు నిజం చెప్పెటోళ్లు నువ్వు తప్ప ఎవరు లేరు. ఏమన్న మాట్లాడమ్మా."

"ఆ చెట్టు... భుజం ఎత్తు ఉన్నదంటివి."

"చెట్టు ముచ్చట ఎందుకు ఇప్పుడు?"

"చెప్పు బిడ్డ. మంచిగున్నదా?"

"మంచిగనే ఉన్నది. ఈడికెల్లి పోయినోళ్లు ఎవరన్న తిని గింజ ఊంచి ఉంటరు. లేకుంటె తమ్ముని జేబుల ఉండెనేమో, ఎప్పుడు తింటుండె కదా. దానంతట అదే మొల్సింది."

"ఒక్కటే చెట్టా?"

"ఒక్కటే. ఎందుకు?"

"నా చేత్తోని నాలుగు గింజలు పెట్టొచ్చిన బిడ్డ. ఒక్కటేనా బతికింది?"