పొయ్యి మీద పాలు, ఇంట్లో ఎవరూ లేరు

మునికృష్ణ గారి భార్య వరదమ్మ గారికి, ఈ ఎండలో నడిచి వచ్చిన మీ అందరికీ నమస్కారం. హాలు ఇచ్చిన మా కాన్వెంటు బడి సిస్టర్లకు కృతజ్ఞతలు. నా పేరు కోమలి. మునికృష్ణ గారి అద్దె పుస్తకాల షాపుకు మొదట చదవడానికి వెళ్లాను. తర్వాత రాయడం నేర్చుకోవడానికి వెళ్లాను.

మునికృష్ణ గారు పోయారు.

ఈ మాటతో మొదలుపెట్టినందుకు ఆయన నన్ను కోప్పడేవారు. "చావు మొదట్లోనే చెప్పేస్తే ఇంక యాల కూసుంటారమ్మా జనం?" అనేవారు. కానీ మీరందరూ తెలిసే వచ్చారు. మీ దగ్గర దాచడానికి ఏమీ లేదు. నేను మాట్లాడవలసింది మాత్రం దాచడం గురించే.

మీలో చాలామంది ఆయన పాకెట్ నవలలు చదివే ఉంటారు. అట్ట మీద పిస్తోలు, వెనక ఆయన ఫొటో. కొందరు పుస్తకం తీసుకెళ్లి తిరిగి ఇవ్వకుండా ఎగ్గొట్టి ఉంటారు. ఎవరెవరో ఆయనకు నోటికి వచ్చు. ఇక మీరు భయపడనక్కర్లేదు.

ఆయన ఆ నవలలు రాయడం ఎక్కడ నేర్చుకున్నారు? మద్రాసులో, సినిమా ఎడిటింగు గదిలో. ఫిల్ము ముక్కలు మెడలో వేసుకుని, అడిగిన ముక్క అందించే అసిస్టెంటుగా ఆయన వయసంతా ఆ గదిలోనే గడిచింది. సినిమా వాళ్లు హైదరాబాదుకు వెళ్లిపోయాక ఆయన చిత్తూరు వచ్చి షాపు పెట్టుకున్నారు. నవల రాసేటప్పుడు కూడా ఆయన పేజీ అనేవారు కాదు, షాటు అనేవారు. అధ్యాయం ముగించు అనరు. కట్ చెయ్యి అంటారు.

ఆదివారాలు షాపు షట్టరు సగం దించి మాకు పాఠం చెప్పేవారు. వచ్చేది ముగ్గురు నలుగురం. నేను తీసుకెళ్లిన మొదటి కథ హత్యతో మొదలైంది. కత్తి, నెత్తురు, కేక, అన్నీ మొదటి పేరాలోనే. ఆయన చదివి, కళ్లజోడు తీసి, నవ్వారు.

"కాన్వెంటు పాపా, ఇంత తొందర యాలమ్మా? ఆ పీనిగ యాడికీ లేచిపోదు. ముందు పొయ్యి మీద పాలు పెట్టు."

నాకు అర్థం కాలేదు. ఆయన వివరించారు. ఒక ఇల్లు చూపించు. తలుపు తీసి ఉంది. పొయ్యి మీద పాలు కాగుతున్నాయి. ఇంట్లో ఎవరూ లేరు. ఇంకేమీ చెప్పకు. మంచం చూపించు, ముగ్గు చూపించు, మళ్లీ పాల దగ్గరికి రా. మీగడ లేస్తోంది. మళ్లీ వాకిలి చూపించు. ఎవరూ రావడం లేదు. "సదివేవాడు లేసి పోయి పాలు దించాలనుకుంటాడు. దించలేడు. వాడు పుస్తకం బయట ఉండాడు కదా. అదే భయమంటే" అన్నారు.

కత్తి అక్కర్లేదు. నెత్తురు అక్కర్లేదు. దించేవాళ్లు లేని పాలు చాలు. నేను ఇంగ్లీషులో చాలా పుస్తకాలు చదివాను. భయం గురించి ఇంత తేలికగా నాకు ఎవరూ చెప్పలేదు.

ఇంకొకటి చెబుతాను. ఒకసారి ఆయనా నేనూ తిరుపతి బస్సులో వెళుతున్నాం. పూతలపట్టు దాటాక కండక్టరు టిక్కెట్లు కొట్టడం ఆపి మా వెనక సీటు వైపు చూశాడు. డ్రైవరు దగ్గరికి పోయి ఏదో చెప్పాడు. డ్రైవరు అద్దంలోంచి అదే సీటు చూశాడు. నేను తల తిప్పబోయాను. మునికృష్ణ గారు గొంతు తగ్గించి, "గమ్మునుండు. తిరిగి సూడొద్దు. డ్రైవరు కండ్లు సూడు, సాలు" అన్నారు.

ఆ దారంతా నేను అద్దంలో డ్రైవరు కళ్లే చూశాను. వెనక ఉన్నది దొంగా? పాపం ఎవరైనా ప్రాణం మీదికి వచ్చినవాళ్లా? బుట్టలోంచి బయటపడిన కోడిపుంజా? తిరుపతిలో ముందు తలుపు నుంచి దిగేశాం. ఆయన నన్ను వెనక్కి తిరగనివ్వలేదు. "సూసుంటే రేపటికి మర్సిపోతావు. ఇప్పుడు సచ్చేదాకా గుర్తుంటాది" అన్నారు. నిజమే. ఆ సీటులో ఏముందో నాకు ఇప్పటికీ తెలియదు. ఆయనకు తెలుసో లేదో, అదీ తెలియదు.

షాపు ఎలా మూతపడిందో మీకు తెలుసు. ఇంటింటికీ టీవీ సీరియళ్లు వచ్చాయి. ఆయన పుస్తకాలు మళ్లీ అచ్చు వేసేవాళ్లు లేరు. అప్పుడు ఆయన ఒకటే మాట అన్నారు. అట్ట మీద పిస్తోలు లేని నవల ఒకటి రాసి పోతానని. కథ మొత్తం మనసులో ఉంది, చివర ఏమవుతుందో కూడా తెలుసు, రాయడమే తరువాయి అని. ఆయన అడిగింది అంతే. ఆ ఒక్క పుస్తకం.

అప్పుడే జబ్బు బయటపడింది.

ఇక్కడి నుంచి చెప్పవలసింది చెప్పొచ్చా అని వరదమ్మ గారిని అడిగాను. "చెప్పు. ఆయప్ప ముందర చెప్పలేకపోతిమి. పోయినాకన్నా చెప్పు" అన్నారు.

వేలూరు ఆసుపత్రి నుంచి పరీక్షల ఫలితం తెలుసుకుని వరదమ్మ గారి తమ్ముడు మునిరామయ్య గారు వచ్చిన పొద్దున నేను ఆ ఇంటికి వెళ్లాను. అక్కా తమ్ముడూ వసారాలో నిలబడి ఉన్నారు. ఇక నెలలే మిగిలాయన్న సంగతి నాకు చెప్పి, ఆయనకు మాత్రం తెలియకూడదన్నారు. మన ఇళ్లలో జరిగేదే. ఎవరింట్లో జరగలేదు? చెబితే మనిషి అక్కడికక్కడే కుప్పకూలిపోతాడని భయం. కడుపులో పుండని చెబుదామని అనుకున్నారు. నేనూ సరేనన్నాను. ఆ సమయంలో లోపలి నుంచి ఏదో మాడిన వాసన వచ్చింది. ఎవరం పట్టించుకోలేదు.

తర్వాత వచ్చిన ప్రతివాళ్లూ అదే మాట చెప్పారు. ఈ హాలులో ఉన్న మీరూ చెప్పారు. నేనూ చెప్పాను. ఇంకా ఎంతో టైముంది సార్, నిదానంగా రాయొచ్చు. బాగయ్యాక రాద్దురుగానీ. ఇప్పుడు అలసిపోవద్దు. ఆయన కాసేపు కథ చెప్పబోతే కళ్లు మూసుకోమన్నాం. ప్రేమతోనే అన్నాం. ఆయన తొందరపడాలంటే, తనకు టైము లేదని ఆయనే అనాలి. ఆ మాట అంటే, మనం ఇంత కష్టపడి మోస్తున్న అబద్ధం కింద పడుతుంది. అందుకని ఆయన అనలేదు.

ఒక ఆదివారం నన్ను మంచం దగ్గర కూర్చోమన్నారు. నవల మొదలు కుదిరింది, విను అన్నారు. వరదమ్మ గారు కాఫీ గ్లాసుతో గుమ్మంలోకి వచ్చారు. ఆయన పైకి చూస్తూ చెప్పారు.

"ఒక ఇల్లు. పగలే. మంచం మీద మనిషిని సూపించొద్దు. పైకప్పు సూపించు, ఆయప్పకు కనపడేది అదే కదా. వసారాలో గుసగుసలు. ఒక ఆడగొంతు, ఒక మొగగొంతు. మాటలు తెలీవు. అప్పుడు వాసన. పాలు మాడతా ఉండాయి. ఆ ఇంట్లో ఇన్నేండ్లలో ఒక పొద్దన్నా పాలు పొంగిపోయింది లేదు. ఆయమ్మ పోనిచ్చేది కాదు. ఈ పొద్దు ఎవురూ పోయి దించల్యా. మంచం మీద మనిషికి తెలిసిపోయింది."

అక్కడ ఆగారు. కాసేపటికి, "తర్వాత ఎవురు మాట్లాడాలో తేలడంల్యా" అన్నారు.

గుమ్మంలో వరదమ్మ గారు ఉన్నారు. మంచం పక్కన నేనున్నాను. ఆయన పైకప్పు వంకే చూస్తూ ఉన్నారు. మా ఇద్దరిలో ఎవరైనా ఒక్క మాట అంటే చాలు. ఆ మాట తర్వాత ఆయనకు మిగిలిన రోజులు ఆయనవి అయ్యేవి. ఆ పుస్తకం ఎంతో కొంత ముందుకు పోయేది.

వరదమ్మ గారు దగ్గరికి వచ్చి, "కాఫీ ఆరిపోతాది, తాగు" అన్నారు.

ఆయన లేచి కూర్చుని తాగారు. బాగుందన్నారు.

అందరికీ తెలిసిపోయింది. ఆయనకు తెలుసని మాకు తెలుసు. మాకు తెలుసని ఆయనకు తెలుసు. ఇక దాచడానికి ఏం మిగిలింది? అయినా దాచాం. చివరి రోజు దాకా పుండు మందుల గురించే మాట్లాడుకున్నాం. ఆయన మళ్లీ ఆ నవల ఊసు ఎత్తలేదు. ఆ మంచం మీద మనిషి ఎవరు, ఆ తర్వాత ఆ ఇంట్లో ఏం జరిగింది, అన్నీ ఆయనతోనే పోయాయి. ఆ బస్సులో వెనక సీటు లాగే. ఇది గుర్తుంటుందని ఆయన అంటారేమో. ఇలా గుర్తుండటం నాకు అక్కర్లేదు.

నాకు ఓదార్పు మాటలు రావు. మంచి మనసుతో చేశామని అనుకుందామా? అనుకోవచ్చు. దానివల్ల ఒక్క పేజీ కూడా తిరిగి రాదు. ఆయన కథను నన్ను పూర్తి చేయమని ప్రతాప్ అడిగాడు, మాతో పాటు నేర్చుకున్నవాడు. నేను చేయలేను. మొదటి షాటు ఎలా పెట్టాలో మాత్రమే నేను నేర్చుకున్నాను. చివరిది చెప్పడానికి ఆయనకు మనం టైము ఇవ్వలేదు.

అమ్మా, అయ్యా, ఇప్పుడు లేచి నిలబడదాం. కాసేపు ఎవరం మాట్లాడకుండా ఉందాం. మనకది కష్టమేమీ కాదు. ఇన్ని నెలలు ఆయన మంచం చుట్టూ చేసింది అదే. అప్పుడు ఆయన వింటూ ఉన్నారు, ఎవరో ఒకరు మాట్లాడతారని. ఇప్పుడు వినడం లేదు.

దయచేసి లేవండి.