బాడీ కూర్చున్న రోజు

హలో… ఆఁ, నేనే అక్కా. షెడ్డులోంచే.

… లేదు లేదు, ఎవరికీ ఏం కాలేదు. బావ మేలుకున్నాడా?

… పొద్దుట్నుంచీ గోడవైపే తిరిగి పడుకున్నాడా? మందన్నా మింగాడా?

… ఉమ్మేశాడా… సరే, నువ్వు బెంగపడకు. ఫోన్ ఓసారి ఆయన చెవి దగ్గర పెట్టవూ.

… మాట రాదని నాకు తెలీదా అక్కా? పక్షవాతం మాటని పట్టుకుపోయింది గానీ చెవుల్ని కాదుగా. వింటే చాలు.

… ఆయన్ని ఉత్సాహపరచడానికి కాదు, నీ మీద ఒట్టు! నిజంగానే ఇరుక్కుపోయాను. ఆ ఆకుపచ్చ పాత కారు లేదూ… బాడీ విప్పి పక్కన దించిన రోజే బావ పడిపోయాడు… ఆఁ, అదే. ఇవాళ బాడీని మళ్ళీ ఛాసీ మీదికి, అదే అడుగు చట్రం మీదికి, దించాం. కూర్చోనంటోంది.

… పెట్టు. ఎడమ చెవికి.

బావా… నేను. వినపడుతోందా? అవునంటే గోటితో ఫోన్ మీద ఒకసారి కొట్టు. కాదంటే రెండుసార్లు. అంతే, ఇంకేం వద్దు.

… బావా?

… నా మీద కోపమైతే తర్వాత పడుదువుగాని. బాడీని ఎత్తిన గొలుసులు ఇంకా తియ్యలేదు. నలుగురు మనుషులు నా మొహం చూస్తూ నిలబడ్డారు.

… ఆ! వినపడింది. ఒకటి. హమ్మయ్య!

విను మరి. ముందు రెండు మూలలూ రబ్బరు బిళ్ళల మీద చక్కగా కూర్చున్నాయి. వెనక కుడివైపూ బాగానే ఉంది. వెనక ఎడమ మూలే గాల్లో ఉంది, వేలు దూరేంత సందు. పానా వేసి బలంగా లాగితే దిగేటట్టుంది. లాగెయ్యనా?

… రెండు. అబ్బ, ఎంత గట్టిగా కొట్టావు! తిట్టినట్టే ఉంది. లాగనులే. లాగితే బాడీ మెలి తిరుగుతుంది, తలుపులు పడవు, అంతేగా?… ఒకటి.

ఛాసీ వంకర పోయిందంటావా?… రెండు. రబ్బరు మార్చనా?… రెండు. సందులో రేకు ముక్క పెట్టనా?

… ఇదేంటి, ఒకటీ కాదు, రెండూ కాదు. పెట్టాలి గానీ ఇప్పుడే కాదా?… ఒకటి. అయితే ముందు ఇంకేదో చెయ్యాలి. ఏంటది బావా?

… గీస్తున్నావా? గుండ్రంగా గీస్తున్నట్టుందే… తిప్పడం… విప్పడం! బోల్టులు విప్పాలా?… ఒకటి! అయ్యో, ముందువి రెండూ బిగించేశాను బావా. పూర్తిగా. వెనకవి పడకుండానే.

… కొట్టు, కొట్టు, ఎన్నిసార్లైనా కొట్టు. పడతాను.

ఫోన్ జేబులో వేసుకుంటున్నా, పెట్టెయ్యకు… ఏమయ్యా, ముందు బోల్టులు రెండూ వదులు చెయ్యండి! ఊడదియ్యద్దు, వదులు, అంతే… అటుపక్క కాస్త ఊపండి… చాలు, చేతులు తియ్యండి. దాని బరువుకి దాన్నే దిగనివ్వండి…

బావా! దిగింది బావా! గోరు పట్టేంత సందే మిగిలింది. ఇప్పుడు పల్చటి రేకు పెట్టేదా?… ఒకటి. పెట్టేశాం. బిగించడం ఎదురెదురు మూలలు, కొంచెం కొంచెంగా. అది నువ్వు చెప్పక్కర్లేదు, పానా పట్టుకుంటే చాలు, నీ గొంతే వినపడుతుంది…

అయింది. తలుపు వేస్తున్నా, విను…

… విన్నావా? రేకు మోత లేదు, ఏం లేదు. ముద్దగా ఒక్కటే చప్పుడు.

… బావా? ఒకటన్నా కొట్టు.

… అక్కా? ఏమైంది?

… ఏడుస్తున్నాడా.

… తుడవకు. ఏడవనీ. పడిపోయిన దగ్గర్నుంచీ కంట నీరే రాలేదన్నావుగా. ఏడవనీ అక్కా.

… … కాస్త తేరుకున్నాడా? ఒక మాట అడుగు. రేపట్నుంచీ ఇక్కడ కుర్చీ వేస్తాను, వెలుతురు పడేచోట. ఊరికే కూర్చుంటే చాలు. బండి మాట్లాడుకుని నేనే వచ్చి తీసుకెళ్తాను.

… రెండా? మళ్ళీ అడుగు.

… మళ్ళీ రెండే. వీళ్ళంతా చూస్తారనా? వీళ్ళంతా ఆయన చేతికింద పెరిగినవాళ్ళే కదక్కా!

… ఏం చూపిస్తున్నాడు? గోడకేసా?… మేకుకేసి. షెడ్డు తాళాలా? నా దగ్గరో జత ఉందిగా, నాకెందుకు…

… ఆయన జత. నాకిచ్చెయ్యమంటున్నాడా?

… వద్దు. ఆ మేక్కే ఉండనీ. నాకేం వచ్చని అక్కా! ఇవాళ ఆయన లేకపోతే బాడీని మెలితిప్పి పెట్టేవాణ్ణి.

… రెండు కొట్టాడా? ఏది కాదంటాడు? నాకు రాదనడం… కాదంటాడా?

… …

సరే. సరే బావా. పనవ్వగానే చేతులు కడుక్కుని తిన్నగా అక్కడికే వస్తాను. కానీ అక్క కాదు, నువ్వే ఇవ్వాలి.

… ఏంటక్కా? కుడి చెయ్యి లేవదని… ఎడం చేత్తో ఇవ్వడానికి మనసొప్పట్లేదా ఆయనకి?

… ఎడం చేత్తోనే ఇమ్మను. నేను రెండు చేతులూ పడతాను.

… ఊఁ. ఉంటానక్కా.