గెమ్మాను చర్చికి తీసుకెళ్ళాల్సిన రోవరు

“మొన్న ఇంజను నడుస్తుండగా దాని మీద నిండు టీకప్పు పెట్టాను. చుక్క తొణికితే ఒట్టు,” అన్నాడు విల్ఫ్ ట్రాంటర్.

ఇంగ్లండ్‌లో సోలిహల్ ఊరు దాటాక రోడ్డు పక్కన బ్రెండా టీ బడ్డీ దగ్గర ఆదివారం పొద్దున పాతకార్లవాళ్ళు చేరతారు. అక్కడ ఆ మాత్రం మాట ఎవరూ కాదనరు. పైగా విల్ఫ్ రోవరు కారు పక్కనే ఉంది. మూడున్నర లీటర్ల ఇంజను, ముదురు ఎరుపు ఒళ్ళు, బూడిదరంగు పైకప్పు. ఎవరి కోసమూ తొందరపడని పెద్దమనిషిలా నిలబడి ఉంది.

శనివారం గెమ్మా పెళ్ళి. ఆమె తండ్రి రాయ్, విల్ఫ్ ఒకే ఫ్యాక్టరీలో ఏళ్ళ తరబడి పక్కపక్కన కూర్చుని ఈ కార్లకు సీట్లు కుట్టారు. రాయ్ ఇప్పుడు లేడు. ఆ పిల్లను ఈ కారులోనే చర్చికి తీసుకెళ్ళాలని విల్ఫ్ చలికాలమంతా క్రోమియం తుడిచాడు. తల్లి మోరీన్ మాత్రం పొడుగాటి తెల్లకారు అద్దెకు మాట్లాడతానంటోంది. తల్లీ కూతుళ్ళిద్దరూ ఇవాళ కారు చూసి తేల్చేయడానికి వచ్చారు. తక్కువ మాట్లాడితే మంచిదని విల్ఫ్‌కి తెలుసు. కానీ నోరు అప్పటికే బయల్దేరిపోయింది.

“ప్రధానమంత్రులు దీని వెనక సీట్లోనే ఎందుకు కూర్చునేవాళ్ళు? నిశ్శబ్దం కోసం! దీని తయారీ ఆపేస్తున్నారని తెలిసి, చలికాలానికి బొగ్గు దాచుకున్నట్టు, ప్రభుత్వం ఆఖరి బళ్ళు కొన్ని కొని దాచుకుంది.”

“అది నిజమే,” అన్నాడు పక్క బల్ల దగ్గరి డెస్మండ్. అతనిది వేరే కంపెనీ కారు కాబట్టి ఆ ఒప్పుకోలుకి విలువుంది. విల్ఫ్‌కి ఉత్సాహం వచ్చింది.

“ఒకసారి వేల్స్ వెళ్ళాను. కొండలెక్కి, దిగి, సముద్రం దాకా పోయి, ఇంజను ఆపుదామని తాళంచెవి తిప్పబోయాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? అసలు ఆన్ చేస్తే కదా ఆపడానికి!”

“మరెలా నడిచిందయ్యా?” అంది బ్రెండా, పెనం మీద బేకన్ ముక్కలు తిరగేస్తూ.

“పరువు మీద నడిచిందమ్మా. నలుగురిలో ఆగిపోవడం దానికి నామోషీ. ఇక ఆ డాష్‌బోర్డు చూడు, చెర్రీ చెక్క. ఏప్రిల్ వస్తే పూస్తుంది. పళ్ళు రాలి కింద పనిముట్ల సొరుగులో పడతాయి. స్పానర్ల మధ్య నుంచి ఏరి ఇస్తే మా ఆవిడ జామ్ చేస్తుంది. తోలు సీట్లంటావా గెమ్మా, మీ నాన్న చేతి కుట్టు. పొలాల పక్కనుంచి వెళ్తే ఆవులు లేచి నిలబడతాయి.”

“చుట్టాలనుకునా?” అన్నాడు డెస్మండ్.

“మర్యాదకి! వేగం సంగతి చెప్పనే లేదు. బర్మింగ్‌హామ్‌లో రైలు తప్పినాయన్ని ఎక్కించుకుని లండన్‌లో దించాను. ఆయన ప్లాట్‌ఫారం మీద నిలబడి, తను అందుకోలేకపోయిన రైలుకి స్వాగతం చెప్పాడు. తిరుగు ప్రయాణంలో ఇంకాస్త తొక్కానా, ఇంటికొచ్చేసరికి నేనింకా గుమ్మంలో బూట్లు వేసుకుంటున్నాను. ‘ఇక బయల్దేరకు, వెళ్ళొచ్చేశాం’ అని నాకు నేనే చెప్పాల్సొచ్చింది!”

అందరూ నవ్వారు. మోరీన్ కప్పు కింద పెట్టింది.

“అయితే ఈ కారు వద్దు.”

“ఏం?”

“పెళ్ళికూతురు ఆలస్యంగా రావాలి విల్ఫ్. మా అమ్మ అలాగే వచ్చింది, నేనూ అలాగే వచ్చాను. పెళ్ళికొడుక్కి కాస్త చెమట పట్టాలి. నీతో వస్తే ఫాదర్ కంటే ముందే చేరి, మేమే తలుపులు తీసి బల్లలు తుడుచుకోవాలి.”

గెమ్మా తల వంచుకుంది. తల్లి మాట తీసేయలేకపోయింది. విల్ఫ్ కారు వంక చూశాడు.

“ఆలస్యం కావాలని ముందే చెప్పాలిగా!” అన్నాడు. “ఆలస్యానికి దీన్ని మించిన బండి లేదు. పోయిన వారం రొట్టె కొనడానికి బయల్దేరాను. సిగ్నల్ దగ్గర పక్క కారాయన అద్దం దించి, ‘మా నాన్నకి ఇలాంటిదే ఉండేది’ అన్నాడు. ఆ నాన్న సంగతంతా వినకపోతే బాగుంటుందా? పెట్రోలు బంకులో ఇంకొకాయన, ఒక్కసారి వెనక సీట్లో కూర్చుంటానని ఎక్కి దిగడే! చివరికి పోలీసు ఆపాడు. ‘ఏం లేదు, బానెట్ తెరిచి చూపిస్తారా’ అన్నాడు. నేను వెళ్ళేసరికి రొట్టెల షాపు మూసేశారు.”

ఈసారి ఎవరూ నవ్వలేదు.

“పొద్దుట్నుంచీ నువ్వు చెప్పిన వాటిలో నమ్మేలా ఉన్నది ఇదొక్కటే,” అన్నాడు డెస్మండ్.

“శనివారం వచ్చెయ్ బాబాయ్,” అంది గెమ్మా. “దారిలో ఎవరు చెయ్యెత్తినా ఆపు.”

మోరీన్ లేచింది.

“సరే, దారిలో కారు ఆపు. కానీ నువ్వు మాత్రం నోరు తెరవకు విల్ఫ్. పెళ్ళి శనివారమే జరగాలి.”