రబ్బరు పొడి

చెప్పు, ఆ గదిలో ఏం చూశావు?

ఏమీ చూడలేదా! మూడు గంటలు నా పక్క కుర్చీలో కూర్చున్నావు, కళ్లజోడు రెండుసార్లు తుడుచుకున్నావు, ఏమీ చూడలేదంటావేంటమ్మా! కూర్చో. ముందు ఆ తలుపు వెయ్యి.

ఛీ! ఒళ్లంతా కంపరంగా ఉంది. లైబ్రరీకి ఒక్క మనిషి కావాలని ఐదుగురం కమిటీగా కూర్చున్నాం. ఆరు వారాలు దరఖాస్తులు చదివాం. చివరికి ఎవరిని ఎంచాం? ఆ కోటు కుర్రాణ్ణి! తెర మీద రంగురంగుల బొమ్మలు వేసి, "రేపటి లైబ్రరీకి గోడలుండవు" అన్నాడు. మరి వానొస్తే పుస్తకాల సంగతేంటి నాయనా అని ఒక్కరైనా అడిగారా? డీన్ గారు తల ఊపుతూనే ఉన్నారు. ఆ మెడకి నొప్పైనా పుట్టలేదు.

పోనీ వాడు ఎవరికైనా చుట్టమా అంటే, కాదు. అదే నా బాధ! చుట్టమైతే నాలుగు తిట్లు తిట్టుకుని ఊరుకునేదాన్ని. నిజంగానే నచ్చాడమ్మా వీళ్లకి!

మరి పోటీలో మిగిలిన ఆవిడ? తొమ్మిదేళ్లుగా ఈ భవనంలోనే, ఆర్నెల్లకోసారి కాగితం పొడిగిస్తే పనిచేస్తున్న టెంపరరీ మనిషి. ఈ ఉద్యోగం రాకపోతే నెలాఖరుకి ఆ కాగితమూ ఉండదు. నీ పరిశోధనకి ఎక్కడా దొరకని పాత పత్రిక కింది గదిలో రెండ్రోజులు వెతికి తెచ్చిపెట్టింది ఎవరు? లెక్కలు చెప్పేదానివి, అదైనా గుర్తుందా?

"మరీ మెల్లగా మాట్లాడుతుంది" అని డీన్ గారు ఒక మార్కు కోశారు. లైబ్రరీలో మెల్లగా మాట్లాడక మైకు పెట్టుకోవాలా? చరిత్ర చెప్పే ఆయన ఇంకోటి కోశాడు. "ముందుచూపు లేదు"ట! తెచ్చుకున్న పుస్తకాలు మూడేళ్లయినా తిరిగివ్వలేదు, ఆయనకుందా ముందుచూపు?

ముందు పెన్సిలుతో మార్కులు, చర్చ అయ్యాక పెన్నుతో. ఈ పద్ధతి పెట్టింది నేనే, తెలుసా? ఇదే లైబ్రరీలో రోజుకూలీకి అరల దుమ్ము దులిపి, పుస్తకాలకి నంబర్ల చీటీలు రాసి, పని చేసుకుంటూనే చదువుకుని ఈ కుర్చీ దాకా వచ్చినదాన్ని. పెద్దవాళ్ల ముందు నోరు పెగలకపోవడమంటే ఏంటో నాకు తెలుసు. చిన్నవాళ్ల చేతిలో సొంత అంకె ఒకటి ముందే ఉంటే బెదరరని పెట్టాను. చర్చలో తమ తప్పు తెలిస్తే దిద్దుకుంటారని కూడా. దిద్దుకున్నారు! భేషుగ్గా దిద్దుకున్నారు!

ఏంటి, నా చేతికేసి చూస్తున్నావు?

ఊఁ. చూశావన్నమాట.

సరే, విను. ఆ తోపుడు బండి పరీక్ష ఉంది కదా, కలిపేసిన ఇరవై పుస్తకాలు వరసలో సర్దడం. కోటు కుర్రాడు తొమ్మిది సర్ది, మిగతాది యంత్రాల పని అన్నాడు. ఆవిడ పందొమ్మిది సర్దింది. ఇరవయ్యోది చేత్తో పట్టుకుని నిలబడింది.

"ఇది తేనెటీగల జబ్బుల పుస్తకమండీ. మిఠాయిల తయారీ పుస్తకాల నంబరు వేశారు. ఎవరు వేశారో గానీ, అట్ట మీద తేనె అన్న మాట చూసి, లోపల తెరవకుండానే వేసేశారు."

వెన్ను మీద చీటీ చూశావా? ఏడంకెకి నడుము దగ్గర అడ్డగీత. ఈ ఊళ్లో అలా ఏడు రాసేది నేనొక్కదాన్నే. డీన్ గారు చూసి, "అరే, ఇది మన మేడమ్ గారి చేతిరాతలా ఉందే!" అన్నారు. పడీ పడీ నవ్వారు అందరూ. నువ్వూ నవ్వావులే, తప్పేం లేదు.

ముప్పై ఏళ్లుగా ఆ పుస్తకం మిఠాయిల మధ్య పడి ఉంది. తేనెటీగలు చచ్చిపోతున్నాయని ఎంతమంది వెతుక్కుంటూ వచ్చి, లేదనుకుని వెళ్లిపోయారో! అది కనిపెట్టిన మనిషికి దణ్ణం పెట్టాలి నేను. ఏం చేశాను? నవ్వు ఆగక ముందే రబ్బరు తీశాను. ఆవిడకి వేసిన తొమ్మిది చెరిపి ఆరు చేశాను. చర్చ అయ్యాక దాన్నే పెన్నుతో దిద్దాను. ఇదిగో, రబ్బరు పొడి ఇంకా చీర కుచ్చిళ్లలోనే ఉంది.

అతనికి మొత్తం ముప్పై ఎనిమిది, ఆవిడకి ముప్పై ఆరు. నేను కోసిన మూడూ కలిపి చూడు. వాళ్లు కోసిన తర్వాత కూడా ఆవిడే గెలిచేదమ్మా! నేను ఇందాకట్నుంచీ ఎవరిని తిడుతున్నానో ఇప్పుడు అర్థమైందా?

నాలుగింటికి ప్యూను వస్తాడు. మార్కుల కవరు ఇంకా అంటించలేదు. నా తప్పు పట్టుకుందని కక్షతో మార్కులు కోశానని నేనే రాసి లోపల పెడతాను. కానీ నేనొక్కదాన్నే రాస్తే, ముసలిదానికి మతి చెడిందని నవ్వి అవతల పారేస్తారు. నవ్వడం వాళ్లకి అలవాటేగా! నా సంతకం కింద, చూసినవాళ్లది ఇంకొకటి కావాలి.

ఇందాక ఏమీ చూడలేదన్నావు. ఇప్పుడైనా చూశావా, లేదా?