పరుపులో గుంట

ఊరి చివర దూది మిషను షెడ్డు. మిరప చేలోంచి ఇంటికి, ఇంటినుంచి ఇక్కడికి ఎండలో పరుగున వచ్చింది కోటేశ్వరి. లోపల ఖాదర్‌బీ ఒక్కతే ఉంది.

"ముందు ఇది చెప్పు పిన్నీ. కత్తెర పెట్టావా, పెట్టలేదా?"

"ముందు నువ్వు కూర్చో కోటేశ్వరీ. చేతులన్నా కడుక్కోలా. ఆ కారం చేతులు కళ్ళకి పెట్టుకోబాక."

"నా చేతుల సంగతి తర్వాత. బిందు పరుపు ఇక్కడికి వచ్చిందా?"

"వచ్చింది."

"నాకు తెలుసు! ఇక్కడికి కాక ఇంకెక్కడికి పోద్ది? ఇదంతా ఆయన పని. కూలోళ్ళు తక్కువయ్యారు, నువ్వూ రావే, కాయ చెట్టునే ఎండిపోతందని బతిమాలితే, పోన్లే అని వెళ్ళా. పిల్ల పోయాక నేను గడప దాటడం ఇదే మొదలు. అన్నానికని ఇంటికొచ్చి చూద్దును కదా, ఉత్త నులక మంచం!"

"మంచినీళ్ళు తాగు."

"వద్దు."

"యలమంద చేలోనే ఉన్నాడా?"

"ఉంటాడు, ఉండక. సాయంత్రం రానీ, చెప్తా ఆయన సంగతి. కర్మలైన మర్నాటి నుంచీ ఒకటే గోల. పోయినోళ్ళ పక్క ఇంట్లో ఉంచకూడదు, ఎవరికన్నా ఇచ్చెయ్యమని మా అత్త. మంచి పత్తి, ఇచ్చేస్తామా, ఏకిస్తే కొత్తదవుద్దని ఈయన. ఒక్కళ్ళన్నా నన్నడిగారా?"

"మంచి పత్తే మరి. మీ రేగడి చేలో మొదటి తీత. ఒంటికి పుండ్లు పడుతున్నాయి, మెత్తగా కుట్టు పిన్నీ అని నువ్వే కదా..."

"పత్తి ఎవరిక్కావాలి! మళ్ళీ ఏడు వేస్తే మళ్ళీ పత్తి వచ్చిద్ది. గుంట పిన్నీ. ఆ గుంట ఉందా లేదా, అది చెప్పు."

"గుంటా..."

"అదే, ఎడం పక్కన. ఎప్పుడూ కిటికీ వైపు తిరిగి పడుకునేది కదా, మోకాళ్ళు మడిచి. ఇటు తిప్పి పడుకోబెడితే మళ్ళా అటే చూపు. భుజం ఒకచోట, తుంటి ఒకచోట, తలకాడ చిన్నగా. చీకట్లో తడిమినా ఇది దాని మోచెయ్యి అని తెలిసిద్ది నాకు."

"తెలుసులే తల్లీ. నేను చూడలేదా ఏంటి."

"గోడకి ఫొటో ఉందిగా, అంటారు అందరూ. ఆ ఫొటో జబ్బు చెయ్యకముందుది పిన్నీ. బడికి పోయే పిల్లది. నేను నీళ్ళు పోసిందీ, అన్నం పెట్టిందీ, రాత్రంతా తిప్పి తిప్పి పడుకోబెట్టిందీ ఆ పిల్లకి కాదుగా. దాని బరువు ఆ పరుపులో ఉంది."

"అందులోనే పడుకుంటున్నావంట?"

"ఎవరు చెప్పారు?"

"ఎవరో అన్నార్లే."

"పగలు కూడా పడుకుంటా. నాకు చాలదు. కాళ్ళు బాగా ముడుచుకుంటే సరిపోతా. పిచ్చి పట్టిందంటారు. పడితే పట్టింది."

"మరి రమ్య?"

"రమ్యకేం?"

"ఎక్కడ పడుకుంటంది?"

"వాళ్ళ నాయనమ్మ దగ్గర. దానికేం పిన్నీ, గట్టిపిల్ల. దాని అన్నం అదే పెట్టుకుంటది, జడ అదే వేసుకుంటది. మొన్నెప్పుడో వచ్చి నా పక్కన నడుం వాల్చబోయింది. అక్క గుంట చెదిరిద్ది లెగవే అన్నా. లేచిపోయింది. ఏడవను కూడా లేదు. మాట మార్చబాక, పరుపేది?"

"మీ బాబాయి చిలకలూరిపేట పోయాడు, గుడ్డ తేవడానికి."

"అయితే ఇవాళ మిషను ఆడలేదన్నమాట. హమ్మయ్య! ఆ మాట ముందే చెప్పొచ్చు కదా, నా ప్రాణం పోయిందనుకో. ఎక్కడ పెట్టావు? నేనే నెత్తిన పెట్టుకుని పోతా. ఏంటి పిన్నీ, అట్లా చూస్తావు?"

"ఏం లేదు."

"నీ జుట్టు నిండా ఆ దూదేంటి?"

"దూది పని చేసేవాళ్ళకి దూది కాక ఏముంటది."

"పిన్నీ."

"పొద్దున ఆడింది కోటేశ్వరీ. మీ బాబాయి బయల్దేరే ముందు."

"ఎవరిది ఆడింది?"

"కూర్చో తల్లీ, చెప్తా."

"ఎవరిది పిన్నీ? ఆ దండెం మీద తడిగుడ్డ ఎవరిది? నీలం చారలది... ఆ మూల మరక... అది దాని మందు ఒలికిన మరక కాదూ?"

"రెండు ఉతుకులు ఉతికా. పోలా."

"దూదేది?"

"నువ్వు ఆనుకున్న ఆ కుప్పే."

"ఇదా?"

"అదే తల్లీ."

"ఇంతెత్తు పొంగిందేంటి? ఇంత తెల్లగా... ఇందులో ఏ పక్క పిన్నీ? భుజం ఏ పక్క?"

"ఏడు. గట్టిగా ఏడు."

"తడుముతుంటే ఏం తెలియట్లేదు పిన్నీ. అంతా ఒకటే మెత్తన. అంతా ఒకటే..."

"ఇట్రా. నా దగ్గరికి రా."

"నన్ను ముట్టుకోబాక! నీకు చేతులెట్లా వచ్చాయి? తెలిసి తెలిసి, ఆ పిల్లని చూసినదానివి, నీకు చేతులెట్లా వచ్చాయి?"

"అను. నన్ను ఎన్నన్నా అను."

"ఆయన్నీ అంటా. ఆ ఇంటికి నేనింక పోను. నేను చేలో ఒంగి కాయ కోస్తుంటే చూడు, వెనకాల ఇంత పని చేయించాడు. బిడ్డని రెండోసారి పంపించాడు పిన్నీ."

"యలమందని అనబాక. అతనికి ఈ సంగతే తెలియదు."

"తెలియకుండా ఎట్లా వచ్చిద్ది? పరుపుకి కాళ్ళొచ్చాయా?"

"సైకిలు మీద వచ్చింది."

"ఎవరి సైకిలు?"

"ఎక్కి తొక్కడానికి లేదు, అంత పరుపు అడ్డం. ఊరంతా తోసుకుంటా వచ్చింది, బడి ఎగ్గొట్టి. పుస్తకాల సంచీ కూడా వీపునే ఉంది."

"రమ్యా?"

"నేను ఒప్పుకోలా. అమ్మని తీసుకురా, అమ్మ చెప్తే చేస్తానన్నా. అప్పుడు అదొక మాటంది. అది విని మీ బాబాయే పోయి మిషను వేశాడు."

"ఏమంది?"

"ఇప్పుడెందుకులే."

"ఏమంది పిన్నీ నా పిల్ల?"

"'చదునుగా చేసియ్యి అమ్మమ్మా, అప్పుడు నేను అమ్మ పక్కన పడుకున్నా ఏం చెదరదు' అంది."