ఊపిరి ఇరవై రెండు

చెయ్యి తియ్యి అక్కా. పొట్ట మీద నుంచి తియ్యి. అక్కడ కుట్లున్నాయి, దానికి నొప్పి.

ఆ నర్సమ్మకి ఎన్నిసార్లు చెప్పాలి? లోవాని మంచం ఎక్కించొద్దు, అసలే చిన్న కుక్క, కిందకి గెంతితే కుట్లు విడిపోతాయి అన్నానా, నేను కోటు విప్పి తగిలించి వచ్చేలోపల ఎక్కించేసింది. పైగా తువ్వాలు పరిచి, "పిల్లల తల్లి వచ్చింది" అని నడవా అంతా వినపడేలా. కాఫీ బల్ల దగ్గర ముసలాళ్ళందరికీ ఒకటే సంబరం. మూడో గది ఆయన తన దాల్చినచెక్క రొట్టెలో సగం దీనికోసం దాచి ఉంచాడు, చూలాలు కదా అని. నేనేం చెయ్యను, తీసుకుని జేబులో వేసుకున్నాను.

నవ్వొస్తోందా నీకు? నవ్వకు. నేను చెప్పబోయేది నవ్వే సంగతి కాదు.

పిల్లల్లేవక్కా.

పోయాయని కాదు. అసలు చూలే కట్టలేదు. ఉప్సలా వెళ్ళానన్నానే, ఆ మగకుక్కను చూశానన్నానే, రెండు రోజులు అక్కడే ఉండి జత కట్టించుకొచ్చానన్నానే, అదంతా అబద్ధం. మన బొల్నేస్ దాటి ఎక్కడికీ వెళ్ళలేదు నేను. ఐదు ఆదివారాలు నీ చెయ్యి పట్టుకుని నేనే దాని పొట్ట మీద పెట్టాను.

కొట్టు. ఆ మంచం కడ్డీని ఎంతసేపు కొడతావో కొట్టు. ఎడమ చెయ్యొక్కటీ బాగానే పనిచేస్తోంది. మాట పోయినా కోపం పోలేదు, అంతవరకూ సంతోషం.

ఎందుకు చెప్పాననా? నువ్వు తిండి మానేశావు కాబట్టి. చెంచా నోటి దగ్గరికి తెస్తే మొహం గోడకి తిప్పుకునేదానివి. నర్సమ్మ నన్ను పక్కకి పిలిచి, ఏదైనా ఆశ పుట్టే మాట చెప్పమ్మా అంది. చెప్పాను. ఆ సాయంత్రం గిన్నెడు సూపు తాగావు. ఇంక ఆ మాట ఎలా వెనక్కి తీసుకోను, నువ్వే చెప్పు.

కానీ చేద్దామనే అనుకున్నానక్కా. నీ మీద ఒట్టు. నీకు మాట పోకముందు పదిసార్లు అన్నావు, నా తరవాత నువ్వే గున్‌వోర్, నలభై ఏళ్ళ వంశం, నీ చేతిలోనే పెడతాను అని. స్కూలు వంటింట్లో ముప్పై ఏళ్ళు బంగాళాదుంపలు ఒలిచినదాన్ని. నన్నెవరు అలా పిలిచారు, దేనికి పిలిచారు? ఆ మాట నాకు ఎంత తీపిగా ఉండేదో నీకు తెలీదు.

అందుకని నీలాగే పద్ధతిగా మొదలెట్టాను. కనపడ్డవాళ్ళకల్లా కుక్కపిల్లల్ని అంటగట్టే రకం కాకూడదు నేను, బార్బ్రు అన్న నీ పేరు నిలబెట్టాలి. చలికాలమంతా కుక్కల పెంపకం పాఠాలకి పోయాను. పాతికేళ్ళ అమ్మాయిల మధ్య కూర్చుని, కడుపులో పిల్ల అడ్డం తిరిగితే ఏం చెయ్యాలో నోటుబుక్కులో రాసుకున్నాను. మా ఆయన స్టూరె పురిటి పెట్టె చేశాడు. తల్లి పక్కకి ఒరిగితే పిల్ల నలక్కుండా లోపల చుట్టూ కమ్మీ కొట్టి, చేత్తో తడిమి తడిమి నునుపు చేశాడు. అది ఇప్పుడు వంటింట్లో ఓ మూల ఉంది. పాత పేపర్లు పడేస్తున్నాం అందులో.

పిల్లను అడగడానికి వచ్చినవాళ్ళని నువ్వు గంటసేపు కూర్చోబెట్టి ప్రశ్నలేసేదానివి కదా, అన్నం పెట్టేదెవరు, ఊరెళితే చూసేదెవరు, జబ్బు చేస్తే ఏం చేస్తారు అని. అవన్నీ స్టూరె మీద వేసి చూశాను. నీకు పిల్లనివ్వను పొమ్మన్నాను. నవ్వాడు.

జనవరిలో లోవాని గుండె చూపించడానికి తీసుకెళ్ళాను. డాక్టరు చిన్నపిల్ల. గొట్టం పెట్టి చాలాసేపు వింది. చివరికి, ఎడమవైపు సన్నగా గాలి ఊదినట్టు చప్పుడుంది అంది. జబ్బుకి మొదటి మెట్టే, మరీ సన్నది, వేరే డాక్టరు వింటే వినపడకపోవచ్చు కూడా అంది.

ఆ ఆఖరి మాట అనకుండా ఉంటే బాగుండేది.

కారెక్కగానే వేరే డాక్టరుకి ఫోన్ చేశాను. ఆ పెద్దాయనే, చెవులు మందగించాయని అందరూ చెప్పుకునే ఆయన. అందుకే ఆయన్ని ఎంచుకున్నాను. అలా చూడకు. డాక్టర్లని మార్చి మంచి కాగితం తెచ్చుకునేవాళ్ళ పేరెత్తితే నువ్వు మొహం చిట్లించేదానివని నాకు గుర్తులేదనుకున్నావా? గుర్తుండే చేశాను.

ఆయన దగ్గరికి వెళ్ళడానికి ఇంకా వారం ఉంది. ఈలోగా మిగతా పనులు కానిద్దామనుకున్నాను. జత కట్టించే ముందు తోబుట్టువుల ఇళ్ళన్నిటికీ ఫోన్ చేసి ఆరోగ్యం కనుక్కోవాలని నేర్పింది నువ్వే. దీని తల్లి మిర్రా కన్నవి నాలుగు. లోవా మా ఇంట్లో ఉంది, మిగతా మూడిళ్ళకీ చేశాను. ఒకదానికి గుండె మాత్రలు మొదలెట్టారట. ఇంకొకటి బాగానే ఉందట. మూడోది సుండ్స్‌వాల్‌లో పెట్రా అని, ఆవిడ దగ్గర. హుగో అని పేరు పెట్టుకున్నారు. నవంబరులో మంచులో నడుస్తూ నడుస్తూ పడిపోయాడట, మళ్ళీ లేవలేదట. నాలుగేళ్ళు వాడికి.

ఏడవలేదు పెట్రా. ఏమందో తెలుసా? "మీరు మళ్ళీ పిల్లల్ని పెట్టిస్తున్నారా? ఆ వంశమే కావాలండీ నాకు. వాడిలాంటివాడే కావాలి."

మొదటి పిల్ల మీదేనండీ అన్నాను. నా నోటితోనే అన్నాను.

ఫోన్ పెట్టేసి నిన్ను తిట్టానక్కా. ముసల్ది తెలిసే దాచింది, చెడ్డ గుండెలు నాకు అంటగట్టిపోయింది అని. నీ ఇంటి తాళం నా దగ్గరే ఉందిగా. పోయి నీ నల్ల ఫైలు తీశాను. ఏదో దొరుకుతుందనుకున్నాను. దొరికితే తప్పు నీదైపోతుంది, నాకు హాయి.

ఒక్కటి దాచలేదు నువ్వు. ఏ కుక్క ఏ తేదీన దగ్గిందో, దేన్ని జత కట్టించకుండా ఆపేశావో, ఏ ఇంటి నుంచి జబ్బుదాన్ని వెనక్కి తెచ్చుకుని ఎన్నాళ్ళు సేవ చేశావో, అన్నీ ఉన్నాయి. తిప్పుతూ తిప్పుతూ మిర్రా కాగితం దగ్గరికొచ్చాను. జత కట్టించడానికి ముందురోజు తేదీ. నీ గుండ్రటి రాత. "నిద్రలో ఊపిరి నిమిషానికి ఇరవై రెండు. గున్‌వోర్ లెక్కపెట్టింది. బాగుంది."

ముప్పై ఎనిమిది.

ముప్పై ఎనిమిదక్కా. ఇరవై రెండు కాదు. మిర్రా సోఫాలో పడుకున్నప్పుడు గడియారం చేత్తో పట్టుకుని మూడుసార్లు లెక్కపెట్టాను. మూడుసార్లూ అంతే. ముప్పై దాటితే గుండె చెడినట్టేనని నాకు నేర్పింది నువ్వే. అప్పటికి వారం నుంచి దగ్గుతోంది కూడా. ఆరు నెలల కిందటి గుండె కాగితం శుభ్రంగా ఉంది, దాని గడువు ఇంకా ఉంది. ఎవరడుగుతారు?

నీ షరతు గుర్తుందా? కుక్కను ఊరికే ఇస్తావు. పెంచేది మేము, ఒక ఈత పిల్లలు నీవి, ఈత అయ్యాక కుక్క మాది. గుండె చెడితే మాత్రం ఈత లేదు, దాన్ని నువ్వే వెనక్కి తీసుకుంటావు, ఆఖరిదాకా నీ ఇంట్లోనే చూసుకుంటావు. ఎవరి మీదా భారం పడకూడదని పెట్టావు, నాకు తెలుసు. కానీ మిర్రా నా పాదాల మీద తలపెట్టుకుని పడుకునేది. నిజం చెబితే నువ్వు మర్నాడే కారేసుకుని వచ్చేదానివి. దాని గిన్నె, దాని దుప్పటి, అన్నీ సంచిలో పెట్టుకుని పోయేదానివి.

ఇరవై రెండు అన్నాను ఫోన్‌లో. అంత తేలిగ్గా వచ్చేసింది.

మిర్రా నాదైంది. ఏడాదిన్నర పాటు నాదైంది. తరవాత మా వంటింటి నేల మీద పోయింది. నువ్వొచ్చి నన్ను పట్టుకుని ఏడ్చావు. నా వంశంలోనే ఏదో చెడు ఉంది, నీకు ఇలాంటిదాన్ని ఇచ్చాను అని నిన్ను నువ్వే తిట్టుకున్నావు. నేను నీ వీపు నిమురుతూ ఊరుకోక్కా అన్నాను. అంతే అన్నాను.

ఆ పెద్ద డాక్టరుకి రావడం లేదని ఫోన్ చేసేశాను. మంగళవారం ఆ చిన్నపిల్ల దగ్గరే లోవాకి గర్భసంచి తీయించాను. గుండె ఇలా ఉంటే మత్తివ్వడం ప్రమాదం, జత కట్టించకుండా ఉంటే చాలదా అని గట్టిగానే అడిగింది. చాలదన్నాను. ఇది మళ్ళీ ఎదకొస్తుంది. మళ్ళీ ఏ పెట్రానో ఫోన్ చేస్తుంది. ఆ చెవిటి డాక్టరు ఊళ్ళోనే ఉంటాడు. నా సంగతి నాకు తెలీదూ? అది మత్తులో ఉన్న గంటా నేను కార్లోనే కూర్చున్నాను.

పెట్రాకీ చెప్పాను, ముప్పై ఎనిమిదని. ఫోన్ పెట్టేసింది.

నీ వంశం ఇక్కడితో అయిపోయిందక్కా. మిగతా రెండిటికీ ఎప్పుడో ఆపరేషన్లు అయిపోయాయి. కుక్కల్ని పెంచడానికి నేను తగను. ఆ పాఠాల్లో అన్నీ నేర్పారు, ఇదొక్కటీ నీ ఫైల్లో చదువుకోవాల్సొచ్చింది.

కడ్డీ కొట్టడం ఆపేశావేం? కొట్టు. అలా కళ్ళు మూసుకోకు. రేపట్నుంచి మళ్ళీ తిండి మానేస్తావా? మానేస్తే ఆ నర్సమ్మకి నేనేం చెప్పను?

సరేలే. నన్ను చూడకపోతే పోనీ.

ఇదిగో, లోవా నిద్రపోయింది. నీ చెయ్యి ఇటివ్వు. పొట్ట మీద కాదు, ఇక్కడ, పక్కటెముకల మీద. గోడ గడియారం కనపడుతోందిగా? ముల్లు పన్నెండు మీదకి రానీ. ఒక్కో ఊపిరికీ నా చేతి మీద వేలితో ఒక్కో దెబ్బ వెయ్యి.

నువ్వే లెక్కపెట్టు. నన్నడక్కు.